కనకం ముఖం కోసం ఖరగ్‌పూర్

మా చెల్లెలు కనకం నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఖరగ్‌పూర్‌లో ఉన్న అయిదు రోజులూ కనబడ్డ ప్రతివాళ్లకీ ఇదే చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. నాకు యాభై ఒకటి, దానికి నలభై ఏడు. కావాలంటే ఆధార్ కార్డులు చూపిస్తాను.

విజయనగరంలో నాకు చిన్న బ్యూటీ పార్లర్ ఉంది. కనకం పాతికేళ్ల కిందట రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని చేసుకుని ఖరగ్‌పూర్ వెళ్లిపోయింది. ఎన్నిసార్లు రమ్మన్నా షాపు మూసి వెళ్లడం నా వల్ల కాలేదు. ఈసారి మాత్రం ఫోన్లో ఏడ్చింది.

"అప్పా, నీ సామానంతా పట్టుకుని వచ్చీ. మంగళవారం లోపల నా మొకం బాగుసెయ్యాల," అంది. మా వైపు అక్కని అప్ప అంటాం.

సంగతేమిటంటే, అక్కడి తెలుగువాళ్లు ఏటా ఉగాదికి ఒక నాటకం వేస్తారు. ఇరవై రెండేళ్లుగా హీరోయిన్ మా కనకమే. నాటకం రాసేది, ఆడించేది, హీరో వేషం వేసేది భాస్కరం మాస్టారు. ఆయన రైల్లో గార్డుగా చేసి రిటైరయ్యాడు. వయసు అరవై మూడు. ఈ ఏడు ఆయన కనకాన్ని పిలిచి, "హీరోయిన్ని మార్చుదాం అనుకుంటున్నానమ్మా. నువ్వు హీరో నాయనమ్మ వెయ్యి," అన్నాడట. ఆ నాయనమ్మ మొదటి రంగంలో రెండుసార్లు దగ్గి చచ్చిపోతుందట. అంటే అరవై మూడేళ్ల మనవడికి నలభై ఏడేళ్ల నాయనమ్మ. వేషాలు మంగళవారం ఖాయం చేస్తారు. ఆలోగా ముఖం బాగుపడితే ఆయన మనసు మారుతుందని దాని ఆశ.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు సంచుల నిండా క్రీములు, ఆవిరి పట్టే మెషీను, పాత చర్మం పొర లేపడానికి కొత్తగా తెప్పించిన పీలింగ్ క్రీము డబ్బా సర్దుకుని రైలెక్కేశాను.

దిగగానే తేలిన వయసులు

శనివారం పొద్దున్న దిగాను. ప్లాట్‌ఫారం మీద కనకం నా వైపు పరిగెత్తుకొస్తుంటే ఒక్క క్షణం మా అమ్మే వస్తోందనుకున్నాను. మూడేళ్ల కిందట పెళ్లిలో చూసిన మనిషి కాదు. నోటి చుట్టూ గీతలు, కళ్ల కింద సంచులు, బుగ్గలు జారిపోయి ఉన్నాయి. పైకి ఏమీ అనలేదు గానీ నా సంచులు చాలవేమోనని భయం పట్టుకుంది.

స్టేషన్ బయట ఝాల్‌మురి తిన్నాం. మా ఊళ్లో మురీ మిక్చరే, కాకపోతే ఇక్కడ పచ్చి ఆవనూనె పోస్తారు. మొదటి గుప్పెడు ముక్కులోంచి నెత్తికెక్కింది, రెండో గుప్పెడుకి అలవాటైపోయింది. పొట్లం ఇరవై రూపాయలు. అమ్మేవాడు నాకు పొట్లం ఇస్తూ "దీదీ" అన్నాడు. కనకానికి ఇస్తూ "మాసీమా" అన్నాడు.

బెంగాలీలో దీదీ అంటే అక్క, మాసీమా అంటే పిన్ని. మా వైపు అమ్మా అంటే అందరికీ సరిపోతుంది, ఎవరి వయసూ బయటపడదు. ఇక్కడ మనిషిని పిలిచే ముందు ముఖం చూసి వరస ఖాయం చేసేస్తారు. టోటో అనే బ్యాటరీ బండివాడు కూడా కనకం ఎక్కుతుంటే "ఆస్తే ఆస్తే, మాసీమా" అని, నెమ్మదిగా ఎక్కమంటూ చెయ్యి పట్టుకున్నాడు. నాలుగేళ్లు పెద్దదాన్ని, రెండు సంచులతో నేను అవస్థపడి ఎక్కుతుంటే ఎవడూ పట్టుకోలేదు.

"సూసినావా," అంది కనకం.

ట్రాఫిక్‌లో పొద్దుటి వరస

కనకం వాళ్లది ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో క్వార్టరు. పేరు అదే గానీ అక్కడ పెద్ద రద్దీ ఏమీ లేదు. పక్కింట్లో మన భాషే, ఎదురింట్లో మన భాషే. "ఏటి వదినా, ఏల వచ్చినావు" అని వినబడుతుంటే విజయనగరం దాటి రాలేదేమో అనిపిస్తుంది. అదే మనిషి వెనక్కి తిరిగి చేపలవాడితో బెంగాలీలో పోట్లాడుతుంది.

మధ్యాహ్నం కనకం గసగసాలు నూరి బంగాళాదుంపలతో కూర చేసింది. మా ఇంట్లో గసగసాలు మసాలాలో చిటికెడు వేస్తే ఎక్కువ, ఆ ధరకి. ఇక్కడ గిన్నెడు కూర చేసుకుని అన్నంలో కలుపుకుంటారు. తిన్నాక నిద్ర ముంచుకొచ్చింది.

నిద్రలేచాక చెల్లెలు ఆల్బం తీసింది. ఇరవై రెండు నాటకాల ఫోటోలు. "మిగతా ఏడాదంతా నేను సూరి పెళ్లాన్ని, పిల్లల అమ్మని. ఆ రెండు గంటలే అప్పా, కనకాన్ని. అది కూడా తీసేత్తే నాకేటి మిగుల్తాది?" అంది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నాటకం పిచ్చి అనుకునేదాన్ని ఇన్నాళ్లూ, అది తప్పు.

ఆదివారం పొద్దున్న లేచేసరికి పెరట్లో అయిదారుగురు ఆడవాళ్లు పీటల మీద వరసగా కూర్చుని ఉన్నారు. అందరి చూపుడువేళ్లూ నోళ్లలోనే. పక్కన చిన్న చిన్న డబ్బాలు, వాటిలో నల్లగా జిగురుగా ఏదో ముద్ద. ఆ వేళ్లు అలా ఉండగానే కబుర్లు, నవ్వులు, మధ్యలో ఉమ్మడం. మా కనకం మధ్య పీట మీద ఉంది.

"ఏటే ఇది?" అన్నాను.

"గుడాకు. పళ్లు తోముకుంటన్నాం."

"అరగంటా?"

"మరి కబుర్లు అవ్వాల కదా."

పొగాకు, బెల్లపుపాకం కలిపి చేసే ముద్ద అది. డబ్బా పది రూపాయలు. చిగుళ్లకి రుద్దుకుంటే తల తేలిగ్గా ఉంటుందట. కనకానికి పొద్దున్న ఒకసారి, భోజనమయ్యాక ఒకసారి, సాయంత్రం ఒకసారి పడాలి. నాకేమీ వింతనిపించలేదు. మా అమ్మమ్మ చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, ఈ డబ్బా నా కంటికి ఆనలేదు.

సైరన్ కోసం

కనకం మొగుడు సూరిబాబు ఎనిమిదింటికే టిఫిన్ బాక్సు పట్టుకుని ఓవర్‌టైం డ్యూటీకి వెళ్లాడు. నేను చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆవిరి పట్టి, స్క్రబ్బుతో బాగా రుద్ది, ఆ పైన పీలింగ్ క్రీము దట్టంగా పట్టించాను. పది నిమిషాలు ఉంచి కడిగెయ్యాలి.

"గడియారం ఏదే?"

"గడియారమేటికి? ఇంకో పది నిమిషాలకి భోజనం సైరన్ మోగుద్ది. మోగగానే కడిగేద్దాం."

అక్కడంతా అంతే. పాలు పొయ్యి మీద పెట్టడం, పిల్లల్ని లేపడం, బియ్యం కడగడం అన్నీ వర్క్‌షాపు సైరన్ ప్రకారమే. గోడ గడియారం మూడింటి దగ్గర ఆగిపోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలీదు. నా ఫోన్ లోపల చార్జింగులో ఉంది. సరే సైరనే అనుకుని కబుర్లలో పడ్డాం. మా మేనత్త పొలం తగాదా మొదలుపెట్టాం, అది పది నిమిషాల్లో అయ్యే తగాదా కాదు.

"అప్పా, మండతంది."

"మండాలి. మండితే పనిచేస్తున్నట్టు." ఈ ముక్క ఇరవై ఏళ్లలో ఎంతమంది పెళ్లికూతుళ్లకి చెప్పానో.

మేనత్త తగాదా అయింది. వాళ్ల కోడలి కథ అయింది. కనకం కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నేను అది కోడలి మీద జాలి అనుకున్నాను. అంతలో పక్కింటి మరియమ్మ తెల్లచీరలో, చేతిలో పాటల పుస్తకంతో గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది.

"ఏటమ్మా కనకం, మొకానికి ఏటైంది?"

"ఏటీ నేదు వదినా. సైరన్ కోసం సూత్తన్నాం."

"ఆదివారం సైరనేటమ్మా? నాను గుడికెళ్లి ప్రార్థన ముగించుకుని వచ్చీసినాను."

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. సూరి టిఫిన్ బాక్సు పట్టుకుని డ్యూటీకెళ్లడం చూసి ఇద్దరం పనిరోజే అనుకున్నాం. ఓవర్‌టైం నలుగురి కోసం సైరన్ ఎవడు మోగిస్తాడు? పరిగెత్తించి ముఖం కడిగించి, ఫోన్లో టైం చూస్తే నలభై నిమిషాల పైన అయినట్టు తేలింది. సాయంత్రానికి బుగ్గలు ఎర్రగా కందిపోయి, కనురెప్పలు ఉబ్బి, కనకం నన్ను చూడాలంటే తలెత్తి చూడాల్సి వచ్చింది. సూరి ఇంటికొచ్చి పెళ్లాన్ని చూసి, నన్ను చూసి, మర్యాదస్తుడు కాబట్టి చెప్పులు విడవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

ఇందాలో డాక్టరమ్మ

సోమవారం పొద్దున్నే ఇందా బజారులో చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. బస్సులు, ఆటోలు, చేపల బుట్టలు దాటుకుని మేడమెట్లు ఎక్కాలి. మట్టి ముంతలో టీ పది రూపాయలు, తాగి ముంతని పారెయ్యడమే. నాకు మనసొప్పక సంచిలో వేసుకున్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్లే, నూలుచీర, మెత్తటి మాట. నన్ను చూసి, కనకాన్ని చూసి, "మీ అమ్మగారా?" అని హిందీలో అడిగింది. నేను ఆధార్ కార్డు తియ్యబోతే కనకం నా చెయ్యి నొక్కింది.

ముఖం చూశాక నోరు తెరవమంది. చిగుళ్ల మీద దూది ఆనించగానే రక్తం వచ్చింది. ఆవిడ కుర్చీలో కూర్చుని బెంగాలీలో చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటోంది?" అన్నాను.

"నీలు ఎక్కువ తాగమంటంది," అంది కనకం.

డాక్టరమ్మ ఇంకా చాలాసేపు మాట్లాడింది. చేత్తో చిగుళ్లు చూపించింది, బుగ్గ లాగి చూపించింది.

"ఇప్పుడేమంది?"

"ఎండలో తిరగొద్దంటంది."

నాకు బెంగాలీ రాదు గానీ చెవులున్నాయి. ఆ మాటల్లో గుడాకు అనేది నాలుగుసార్లు వినబడింది. "డాక్టర్ సాబ్, ఆప్ ముఝే బోలియే," నాకు చెప్పండి అని నాకొచ్చిన హిందీలో అడ్డుపడ్డాను. కనకం తల దించుకుంది.

ఆవిడ నవ్వకుండా చెప్పింది. వేలు తెగితే అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది. ఒంట్లో రక్షణ చేసేవన్నీ అక్కడికొచ్చి పని చూసుకుని వెళ్లిపోతాయి, అది మంచిదే. కానీ రోజుకి మూడుసార్లు చిగుళ్లకి పొగాకు రుద్దితే పుండు మానేదెప్పుడు? వచ్చినవి వెళ్లవు. నొప్పుండదు, జ్వరముండదు, సన్నగా ఏళ్ల తరబడి ఆ వాపు సాగుతూనే ఉంటుంది. ఆ వాపు పుట్టించే పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే దారాలు కొంచెం కొంచెం తెగిపోతుంటాయి, కొత్తవి సరిగా పుట్టవు. ఎండా అదే పని చేస్తుంది, పొగా అదే చేస్తుంది, నిద్ర లేకపోయినా తోడవుతుంది. "ఒక్క గుడాకు వల్లే అని నేను అనను. వయసు కూడా ఉంది కదా," అంది. "అయినా ముడతలది చిన్న సంగతి. నోట్లో మానని పుండు పడితే అది పెద్ద సంగతి. పళ్ల డాక్టరుకి ఈ వారమే చూపించండి."

"మరి ఈ ఎరుపు?"

"ఇది నిన్న పుట్టింది, వారంలో పోతుంది. లోపలిది ఇరవై ఏళ్లది. ముందే వేడిగా ఉన్న చర్మం మీద ఇంకో మంట పెట్టిందెవరు?"

నేను మళ్లీ మళ్లీ గోడ మీద క్యాలెండర్ చూశాను. చివరికి నిజం చెప్పాను. చెల్లెల్ని బాగుచెయ్యడానికి వచ్చి కాల్చి పెట్టానని చెబుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ తిట్టలేదు, మంటకి ఒక క్రీము రాసి, నా డబ్బాలు మాత్రం వారం దాకా సంచిలోంచి తియ్యొద్దంది.

అప్పుడు కనకం ఉబ్బిన కళ్లతో అడిగింది, "మంగళవారానికి గీతలు పోతాయా?"

"ఏ మంగళవారానికీ పోవు దీదీ. ఇప్పుడు మానితే కొత్తవి నెమ్మదిగా వస్తాయి, అంతే."

నేను రైలు దిగినప్పటినుంచీ కనకాన్ని దీదీ అన్న మొదటి మనిషి ఆవిడే. కనకం దానికీ ఏడ్చింది.

సూరి లెక్క

సాయంత్రం సూరికి అంతా చెప్పాను. వాడు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. శ్రద్ధగా విని, "అంటే హాట్ ఏక్సిల్, వదినా," అన్నాడు.

"అదేమిటి?"

"బండి బాగానే పరిగెడతాది. సప్పుడుండదు, పొగుండదు. లోపల బేరింగు మాత్రం వేడెక్కుతా ఉంటాది. సూత్తే తెలీదు. సెయ్యి ఆనిస్తేనే తెలుస్తాది. పట్టుకోకపోతే ఎక్కడో ఒకకాడ ఇరుసు ఇరిగిపోద్ది."

లేచి వెళ్లి కనకం బుగ్గకి అరచెయ్యి వెనకవైపు ఆనించాడు. అలాగే చాలాసేపు నిలబడ్డాడు. "రోజుకి ఎన్నో ఇరుసులు ముట్టుకుని సూత్తాను. ఇంట్లో దీన్ని ముట్టుకుని సూడనేదు," అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. అక్కడ నాకు పనేమీ లేదు.

మంగళవారం పొద్దున్న కనకం గుడాకు డబ్బా లేకుండా పెరట్లోకి వెళ్లింది. పీట మాత్రం వదల్లేదు. బ్రష్షు, పేస్టు పట్టుకుని అరగంట అందరితోపాటు కూర్చుంది. నురగ గడ్డం దాకా కారుతోంది. వచ్చాక సూరిని తిట్టింది, మరియమ్మని తిట్టింది, ఉప్మాలో ఉప్పు ఎక్కువైందని నన్ను తిట్టింది. ఉప్మా చేసింది తనే.

సుభాష్‌పల్లి మేడ మీద

సాయంత్రం సుభాష్‌పల్లిలో ఎవరిదో మేడగది. ఇరవై మంది దాకా చాపల మీద కూర్చున్నారు. భాస్కరం మాస్టారు కుర్చీలో ఉన్నాడు. జుట్టుకి నల్లరంగు, చొక్కా జేబులో దువ్వెన. ఏళ్ల తరబడి గార్డు పెట్టెలో ఎండా గాలీ తిని ముఖం నిండా ముడతలు, నోట్లో పాన్. నా వృత్తి కాబట్టి లెక్కపెడదామనుకున్నాను గానీ మధ్యలో వదిలేశాను. కొత్త హీరోయిన్ పింకీకి ఇరవై రెండేళ్లు. మన పిల్లే గానీ తెలుగు అక్షరాలు రావు, డైలాగులు హిందీ అక్షరాల్లో రాసుకుని చదువుతుంది. పాపం మంచి పిల్ల, కనకాన్ని చూడగానే లేచి తన చాప ఇచ్చింది.

మాస్టారు కనకం ముఖం చూశాడు. ఎరుపు కొంచెం తగ్గింది గానీ బుగ్గల మీద పొర లేచిపోతోంది.

"అమ్మా కనకం," అన్నాడు చాలా ప్రేమగా, "నాయనమ్మ వేషానికి నీకు మేకప్ కూడా అక్కర్లేదు."

నలుగురు నవ్వారు. నేను లేవబోయాను. కనకం నా చీరకొంగు పట్టి కిందకి లాగి, తను లేచింది.

"వేస్తాను మాస్టారూ. నాయనమ్మ వేషమే వేస్తాను. నాయనమ్మకి మొగుడెవరు?"

"మొగుడా? పోయినట్టు రాశానమ్మా."

"బతికించండి."

గదిలో నవ్వు ఆగిపోయింది.

"ఇరవై రెండేళ్లు మీ పక్కనే సేసినాను. అవే లైట్లు, అవే రంగులు, అదే స్టేజీ. నా మొకం ముసలిదైపోయిందంటే ఒప్పుకుంటాను, డాక్టరమ్మ కూడా అదే సెప్పింది. నేను ముసల్దాన్నవడం నాకు బాధ కాదు మాస్టారూ. ఇద్దరం కలిసి మొదలెట్టినాం, మీరొక్కలే కుర్రోడిగా ఉండిపోతే ఎలాగ? తాత ఎవరో సెప్పండి, రేపే రిహార్సలుకి వత్తాను."

పింకీ పాపం సాయం చేద్దామనుకుని, "అంకుల్, మీరు తాతగా బహుత్ అచ్ఛా ఉంటారు," అంది.

మాస్టారు జేబులోంచి దువ్వెన తీసి, ఎందుకు తీశాడో మర్చిపోయినట్టు చూసి మళ్లీ పెట్టేశాడు. "ఈవేళకి చాలు," అని కాగితాలు చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వీధిలోకొచ్చాక కనకం నా చెయ్యి పట్టుకుంది. "ఆ నాయనమ్మ కూడా పోయింది అప్పా. ఇంక నన్ను పిలవడు," అంది. నాకూ అదే అనిపించింది గానీ చెప్పలేదు. రెండు ముంతల టీ తాగించి, ఇంటికి తీసుకెళ్లాను. దారిలో బడ్డీలో గుడాకు డబ్బాలు కనబడితే అది ఆగింది. నేను కూడా ఆగాను. తర్వాత ఇద్దరం నడిచాం.

తిరుగు రైలు

బుధవారం బయల్దేరాను. కనకం స్టేషన్‌కి రాలేదు, పళ్ల డాక్టరు అదే టైమిచ్చాడట. సూరి వచ్చి ఎక్కించాడు. తెచ్చిన సామాను తెచ్చినట్టే మోసుకుపోతున్నాను. కిటికీ పక్కన కూర్చుని నా మీద నాకే విసుగేసింది. చెల్లెలికి మేలు చెయ్యడానికి వచ్చి ముఖం కాల్చాను, వేషం పోగొట్టాను. పార్లర్ తెరిచాక ముందు ఆ పీలింగ్ డబ్బాలు పారెయ్యాలనుకున్నాను.

బాలేశ్వర్ దాటాక ఫోన్ మోగింది.

"అప్పా, మాస్టారు ఇంటికొచ్చినాడు," అంది కనకం. పళ్ల డాక్టరు నోరు శుభ్రం చేశాడేమో, మాట ముద్దగా ఉంది. "కూసోనేదు కూడా. గుమ్మంలో నిలబడి కొత్త కాగితాలు సేతిలో పెట్టినాడు. నాటకం మొత్తం మార్సి రాసీసినాడట."

"తాతని బతికించాడా?"

"బతికించినాడు. ఆయనే ఏస్తాడట. జుట్టుకి రంగు కూడా మానేస్తాడట. కానీ ఒకటే షరతు."

"ఏమిటే?"

"కథంతా తాత మీదే నడవాలట. తాతే హీరో అట."

నేను నవ్వాను. ఎదురు సీటాయన నిద్రలేచి చూశాడు. కనకం నవ్వలేదు.

"తాత హీరో అయితే," అంది నెమ్మదిగా, "మరి హీరోయిన్ ఎవరో నువ్వే సెప్పప్పా."